దుప్పటి వెనక బియ్యం డబ్బా

మొగిలయ్య ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. మా అమ్మ పాయసం పోసి పంపిన గిన్నెను కూడా కొట్టి చూశాడు. "గిది పనికి రాదమ్మా, మస్తు మోగుతది" అని తిరిగిచ్చేశాడు. పాయసం బాగాలేదని ఇలా చెప్తున్నాడేమోనని మా అమ్మ రెండు రోజులు మొహం ముడుచుకుంది.

మోగే గిన్నె పనికి రాదు. అతని దగ్గర నేను నేర్చుకున్న మొదటి ముక్క అదే. స్పీకర్ మోగాలి, స్పీకర్‌ను పెట్టిన డబ్బా మోగకూడదు. డబ్బా కూడా గొంతు కలిపితే, పాడేవాడి వెనక ఇంకొకడు బకెట్ వాయిస్తున్నట్టు ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీలో రెండున్నర ఏళ్లున్నా నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజు నేను క్లాసులో లేనేమో.

మొగిలయ్య మా ఇంటి వెనక పోర్షన్లో అద్దెకుంటాడు. మా నాన్న రైల్వేలో చేస్తాడు, ఇల్లు మాది. మొగిలయ్యది జనగామ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కింద నాచారం వచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. ఇవాళ్టికీ అక్కడే. భార్య ఉప్పలమ్మ అప్పడాల కంపెనీలో పనిచేస్తుంది. ఒక్క కూతురు, పెళ్లయి నాగారంలో ఉంది. నేను అతన్ని మామా అంటాను, ఆమెను అత్తా అంటాను. వరసేమీ లేదు, అలవాటంతే.

కాలేజీ మానేసి ఇంట్లో మా నాన్న మొహం చూడలేక నేను రోజూ వెనక పోర్షన్లో పడి ఉండేవాణ్ణి. అక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఎండాకాలం నీళ్ల కుండకు మూతి దగ్గర స్పీకర్ బిగించి ఉంటుంది. పిడి విరిగిన కుక్కర్లోంచి వార్తలు వస్తుంటాయి. పాత సూట్‌కేసు తెరిస్తే బట్టలుండవు, రెండు స్పీకర్లు, పరుపులోంచి పీకిన దూది ఉంటాయి. స్పీకర్లన్నీ లాలాపేట్‌లో పాత సామాన్ల దుకాణంలో ఏరుకొచ్చినవే. స్పీకర్‌కూ డబ్బాకూ మధ్య గాలి పోకుండా హవాయి చెప్పు అడుగును గుండ్రంగా కోసి వేసేవాడు. మా గల్లీలో ఎవరి చెప్పు తెగినా అది అతని దగ్గరికే చేరేది.

ఉప్పలమ్మ అత్త తిట్టేది. "మా ఇంట్ల వండెటియి తక్కువ, పాడెటియి ఎక్కువ. ఒకనాడు నన్ను గూడ కోసి స్పీకర్ వెడ్తడు ఈ మనిషి."

"నువ్వు ఎట్లనో ఆగకుంట మోగుతనే ఉన్నవ్ గదా" అనేవాడు మామ.

అతని కొలతలు విచిత్రంగా ఉండేవి. డబ్బా లోపల ఎంత చోటుందో తెలియాలంటే అందులో మానికతో బియ్యం పోసి లెక్కపెట్టేవాడు. "గీ స్పీకర్‌కు పదమూడు మానికలు గావాలె. పన్నెండైతే గొంతు పట్టేస్తది, పద్నాలుగైతే వదులైతది." తర్వాత ఆ బియ్యం మళ్లీ వంటింట్లోకే వెళ్లేవి. ఒకసారి అన్నంలో స్క్రూ వచ్చింది. డబ్బాలోంచి గాలి బయటికి రావడానికి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి పెడతాడు కదా, దాని పొడవు చూసుకోవడానికి ఊదుబత్తి వెలిగించి పైపు మూతి దగ్గర పట్టేవాడు. పాటలో డోలు దెబ్బ పడ్డప్పుడల్లా పొగ ఒకటే చోట వంగాలి. చెల్లాచెదురైతే పైపును ఒక వేలు మందం కోసి మళ్లీ చూసేవాడు. నేను ఫోన్లో ఒక యాప్ పెట్టి ఆ పొడవు లెక్కకట్టి చూశాను. పొగే కరెక్ట్.

నేను నోరుపారేసుకునే మనిషిని, ఎవరినీ ఊరికే మెచ్చుకోను. కానీ ఆ వెనక పోర్షన్లో విన్నట్టు నేనింకెక్కడా పాట వినలేదు. ఆ మాటే చెప్పాను.

మామ తల ఊపలేదు. "ఏం ఫాయిదా? ఎవ్వలిన్నరు? నువ్వు, మీ అత్త, ఆ ఎదురింటి కుక్క. వందమంది కూసునే కాడ నా డబ్బా పాడాలె ధీరజ్. ఎవడో ఒకడు లేసి, ఎవ్వలు జేసిన్రు దీన్ని అని అడగాలె. ఒక్కపారి జాలు."

ఆ కోరికను నేను పట్టుకున్నాను. తప్పు నాది కూడా.

మా కాలనీలో కొత్తగా కమ్యూనిటీ హాలు కట్టారు. పెళ్లిచూపులు, సీమంతాలు, మీటింగులు అన్నీ ఇక అక్కడే. లోపలి చెక్కపని, సౌండు అంతా విజయభాస్కర్ అనే కాంట్రాక్టర్ చూస్తున్నాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వనాథం గారు. సైంటిస్టుగా రిటైరయ్యారు, ఉద్యోగమంతా భూమి లోపలి కదలికలను కొలిచే పరికరాలతో గడిపిన మనిషి. నేను నేరుగా వాళ్లింటికెళ్లి చెప్పాను, కంపెనీ బాక్సులు పెట్టకండి, మొగిలయ్యవి ఒకసారి వినండి అని.

ఆయన నవ్వలేదు. అందుకే నమ్మాను. "బాగుంటాయని నువ్వంటున్నావు. కంపెనీవి బాగుంటాయని విజయభాస్కర్ అంటున్నాడు. మాటలెందుకు బాబూ, పరీక్ష పెడదాం. మధ్యలో దుప్పటి కడదాం. ఏది ఎవరిదో వినేవాళ్లకి తెలియకూడదు. చీటీ మీద రాస్తారు. చీటీలు ఏది చెబితే అదే హాల్లో పెడతాం. నా మాట ఇది."

మామకు ఈ సంగతి చెబితే మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. హాలుకు చాలినంత సౌండు కావాలంటే పెద్ద స్టీలు డబ్బా కావాలి. స్టీలేమో మోగుతుంది. అతను చేసిన ఉపాయం ఇది: పెద్ద బియ్యం డబ్బాలో చిన్న డబ్బా పెట్టి, రెండింటి మధ్య ఎండబెట్టిన ఇసుక కూరాడు. డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, ముందు మూతకు బదులు పాత మంచం చెక్కను గుండ్రంగా కోసి స్పీకర్ బిగించాడు. ఇప్పుడు ఎక్కడ కొట్టినా గోడను కొట్టినట్టే ఉంది. "సూడు, సచ్చిపోయింది" అన్నాడు సంతోషంగా.

ఒక డబ్బా లాలాపేట్‌లో దొరికింది. దానికి జత దొరకలేదు. అదే కొలతది ఒక్కటే ఉంది, ఉప్పలమ్మ అత్త వంటింట్లో.

ఆ డబ్బా గురించి చెప్పాలి. మన ఇళ్లలో ప్రతి గిన్నె మీదా ఇచ్చినవాళ్ల పేరు కొట్టించి ఉంటుంది. ఫలానా వారి గృహప్రవేశానికి ఫలానా వారు అని చుక్కల అక్షరాల్లో. అత్త ఇంట్లో గిన్నెలన్నిటి మీదా వాళ్ల ఆడబిడ్డల పేర్లో, మామ చిన్నాయన పేరో ఉంటాయి. ఈ డబ్బా మాత్రం అప్పడాల కంపెనీలో మొదటి నెల జీతం అందుకున్న రోజు ఆమె తనంతట తాను ఉప్పల్‌లో కొనుక్కుంది. దుకాణంవాడు ఎవరి పేరు కొట్టమంటావమ్మా అంటే, నాదే కొట్టు అందట. "ఉప్పలమ్మ, నాచారం" అని ఉంటుంది. కింద తేదీ. ఇచ్చినవాళ్ల పేరు ఉండదు.

మామ అడిగితే ఆమె ససేమిరా అంది. అతను వంటింటి గడప మీద కూర్చుని ఒక గంట బతిమాలాడు. నేనక్కడే ఉన్నాను.

"ఒక్క చిల్లు గూడ వెట్టనే. మూత గూడ నీ కాడనే ఉంచుకో. హాల్ల పెడ్తరు. కాలనీ కాలనీ సూస్తది. నీ పేరు పైకి కనవడేటట్టు పండవెడ్త. ఇంజనీర్లు, సైంటిస్టులు అందరు నీ పేరు సదువుతరు."

"నా పేరు సదివి ఏం జేస్తరు?"

"ఎవ్వలీమె అని అడుగుతరు."

ఆమె డబ్బాలో బియ్యం ప్లాస్టిక్ బకెట్లోకి ఒంపి, స్టీలు మూతను ఆ బకెట్ మీద పెట్టింది. అది సరిగ్గా కూర్చోలేదు. "పేరు పైకే ఉండాలె" అని డబ్బా ఇచ్చేసింది.

పరీక్ష ఆదివారం పొద్దున జరిగింది. హాల్లో నీలం పూల దుప్పటి కట్టారు. దాని వెనక ఒకవైపు విజయభాస్కర్ తెప్పించిన కంపెనీ బాక్సులు, ఇంకోవైపు మా డబ్బాలు. స్విచ్ దగ్గర నేను. అవతల పదకొండు మంది కుర్చీల్లో కూర్చున్నారు. విశ్వనాథం గారు నోట్‌బుక్ పట్టుకుని అంతా పద్ధతిగా నడిపారు. ఒకే పాట ఇటు ఒకసారి, అటు ఒకసారి. వరస మారుస్తూ ఆరుసార్లు. దగ్గినవాణ్ణి కూడా కోప్పడ్డారు. మామ దుప్పటి వెనక నా పక్కన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది.

చీటీలు లెక్కపెట్టారు. పదకొండు మందిలో తొమ్మిది మంది మా డబ్బాలకే రాశారు.

నేను అరిచాను. మామ అరవలేదు. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా.

అప్పుడు దుప్పటి తీశారు.

వెనక కుర్చీలోంచి ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. విజయభాస్కర్ ముందుకొచ్చి, వంగి, డబ్బా మీద అక్షరాలు గట్టిగా చదివాడు. "ఉప్పలమ్మ, నాచారం! సార్, ఇవి స్పీకర్లా, స్టోర్ రూమా? రేపు పెళ్లివాళ్లొచ్చి బియ్యం ఇందులో పోయాలా అని అడుగుతరు!"

తొమ్మిది చీటీలు రాసినవాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు.

నేను విశ్వనాథం గారి వైపు చూశాను. ఆయన నోట్‌బుక్ మూశారు. "శబ్దం సంగతి వేరు, హాలు సంగతి వేరు. కమిటీలో చర్చించి చెబుతాం. డబ్బాలు ఇక్కడే స్టోర్ రూములో ఉంచండి."

"చీటీలు ఏది చెబితే అది అన్నారు కదా సార్. మీ మాట అన్నారు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయదగ్గవి కావు. మా నాన్న మొహం చూసి ఊరుకుంటున్నామని చెప్పి నన్ను బయటికి పంపించారు.

కమిటీ ఏమీ చెప్పలేదు. నేను అడగడానికి వెళితే గేటు దగ్గరే ఆపారు. అత్త అడిగినప్పుడల్లా మామ ఒకటే చెప్పేవాడు. "స్టోర్ రూముల పైలంగ ఉన్నదే. ఇంకా మీటింగులు జేస్తున్రు." నేను మాత్రం ఊరుకోలేదు. కనిపించినవాడికల్లా ఆ చీటీల కథ చెప్పి గొడవ పెట్టుకున్నాను. కాలనీలో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. అప్పుడప్పుడూ మామే, "ఇడ్సిపెట్టురా, ఎందుకు లొల్లి" అనేవాడు. పెద్దమనసు అనుకున్నాను.

రెండు నెలలకు హాలు ప్రారంభోత్సవం పెట్టారు. మా నాన్న పోరు పడలేక వెళ్లాను. వేదికకు అటూ ఇటూ టేకు రంగు చెక్క పెట్టెలు నిలబెట్టారు. ముందు గోధుమరంగు గుడ్డ, కింద విజయభాస్కర్ కంపెనీ ఇత్తడి బిళ్ల. ఓడిపోయిన ఆ బాక్సులకే చొక్కా తొడిగారులే అనుకుని వెనక నిలబడ్డాను.

విశ్వనాథం గారు మైకు పట్టుకున్నారు. "మన హాలు శబ్ద వ్యవస్థ గురించి ఒక్క మాట. దీన్ని మేం గుడ్డిగా ఎంపిక చేయలేదు. మధ్యలో దుప్పటి కట్టి శాస్త్రీయంగా పరీక్షించాం. పదకొండు మంది శ్రోతల్లో తొమ్మిది మంది దీన్నే ఎంచుకున్నారు. రూపొందించిన విజయభాస్కర్ గారికి అభినందనలు."

అందరూ చప్పట్లు కొట్టారు. విజయభాస్కర్ లేచి దండం పెట్టాడు.

తొమ్మిది మంది ఎంచుకున్నది మాది. ఈయన అబద్ధమాడుతున్నాడా, లేక? నాకు తల వేడెక్కింది. భోజనాలకు అందరూ మేడ మీదికి వెళ్లేదాకా ఆగి, ఎడమవైపు పెట్టెను వెనక్కి తిప్పబోయాను. కదల్లేదు. అంత బరువు చెక్కకు ఉండదు. జేబులో తాళంచెవితో నాలుగు స్క్రూలు ఊడదీసి వెనక పలక తీశాను.

లోపల స్టీలు డబ్బా పడుకుని ఉంది. వేలితో కొట్టాను. గోడను కొట్టినట్టుంది. పేరున్న చోట చెయ్యి పెట్టి చూశాను. అక్షరాలు లేవు. గ్రైండర్‌తో రుద్దేశారు. చిన్న చిన్న గుండ్రాలుగా, అంచులు కనబడకుండా, శ్రద్ధగా రుద్దారు.

నేను పలకను అలాగే వదిలేసి మేడ మీదికెళ్లాను. చేతిలో ప్లేటుతో నిలబడ్డ విశ్వనాథం గారిని అందరి ముందూ అడిగాను. "దొంగతనం చేశారా సార్?"

ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్లారు. ఆయన మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నీకు తెలియదా? మొగిలయ్య ఒప్పుకునే ఇచ్చాడయ్యా. పరీక్ష అయిన వారానికే. ఆ శబ్దం హాల్లో ఉండాలని నాకూ ఉంది. గిన్నెలు పెట్టడానికి కమిటీ ఒప్పుకోదు. మధ్యేమార్గం కనుక్కున్నాం. తొమ్మిది మంది ఎంచుకున్న శబ్దమే హాల్లో ఉంది. నేను చెప్పినదాంట్లో అబద్ధమెక్కడుందో చూపించు."

"చేసింది ఎవరో చెప్పారు కదా. అది అబద్ధం కాదా?"

ఆయన ఫోన్ తీసి ఒక కాగితం ఫోటో చూపించారు. ఈ బాక్సుల తయారీలో తనకు ఎలాంటి సంబంధమూ లేదని, ఎవరికీ ఎప్పుడూ చెప్పనని రాసి ఉంది. కింద మామ సంతకం. ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ పెట్టే ఆ సంతకం నాకు తెలుసు. "ముఖ్యంగా నీకు చెప్పొద్దన్నది మాత్రం మేమే. నువ్వు వీడియోలు తీసి పరువు తీస్తావని" అన్నారు. కాస్త ఆగి, "ఆ పేరు తనే రుద్దాడు. విజయభాస్కర్ మనిషి రుద్దబోతే, వంకర పోతదని వాడి చేతిలోంచి గ్రైండర్ లాక్కున్నాడు" అన్నారు.

భోజనం చెయ్యకుండా ఇంటికొచ్చాను. మామ వెనక పోర్షన్ ముందు ఎండలో కూర్చుని ఒక హెల్మెట్‌లో చిన్న స్పీకర్ బిగిస్తున్నాడు. నన్ను చూడగానే తెలిసిపోయింది. హెల్మెట్ కింద పెట్టాడు.

"ఎట్లుంది సౌండు?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. "రెండు నెలలు నన్ను పిచ్చోణ్ణి చేసి ఆడిచ్చినవ్ గదా మామా. నీకోసం అందరితోటి లొల్లి పెట్టుకున్న. నువ్వేమో వాళ్లకు సంతకం పెట్టి వచ్చినవ్."

"జర మెల్లగ. మీ అత్త లోపలున్నది."

"ఎవ్వలు జేసిన్రని అడగాలె అన్నవ్. అడిగితే ఏం జెప్తరు ఇప్పుడు? విజయభాస్కర్!"

మామ నా వైపు చూడకుండా మాట్లాడాడు. "నేను ఇర్వై ఏండ్ల సంది అట్టపెట్టెలు జేస్తున్న. బిస్కిట్ల పెట్టె మీద బిస్కిట్ల కంపెనీ పేరుంటది. సబ్బుల పెట్టె మీద సబ్బు పేరు. పెట్టె జేసినోని పేరు ఏ పెట్టె మీదున్నదిరా? ఆ డబ్బాలు స్టోర్ రూముల తుప్పు వట్టుడు మంచిదా, హాల్ల పాడుడు మంచిదా? నేను ఒక్కటే షర్తు వెట్టిన. లోపటి డబ్బా మార్చొద్దు, ఇసుక తియ్యొద్దు అన్న. ఒప్పుకున్నరు. పేరు గీకితె సప్పుడు మారిందా? నువ్వే ఇన్నవ్ గదా, జెప్పు."

"ఆ పేరు నీది కాదు మామా. అత్తది."

నేను గట్టిగానే అన్నాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఉప్పలమ్మ అత్త గడపలోకి వచ్చింది. చేతులకు పిండి ఉంది.

"ఏ పేరు?" అంది నన్ను.

మామ నా కళ్లలోకి చూశాడు. వద్దు అన్నట్టు చూశాడు. నేను మొత్తం చెప్పేశాను. దుప్పటి తీశాక నవ్విన సంగతి, విజయభాస్కర్ చదివిన సంగతి, సంతకం, చెక్క పెట్టె, గ్రైండర్. ఇవేవీ ఆమెకు తెలియవు. ఇంకా మీటింగులు జరుగుతున్నాయనే అనుకుంటోంది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నీ చేతులతోటే గీకినవా?" అని అడిగింది.

"వాడు గీకితె డబ్బా ఖరాబైతుండె."

"నీ పేరు వద్దనుకుంటె నీ ఇష్టం. నా పేరు గీకనీకి నువ్వెవ్వలు? నేనేమన్న సంతకం వెట్టిన్నా?" కొంగుతో పిండి తుడుచుకుంది. "ధీరజ్, స్క్రూడ్రైవర్ దీస్కో. నడు."

మామ లేచి దారికి అడ్డం వచ్చాడు. "ఇప్పుడు గాదే. ఇయ్యాల ప్రారంభం. అందరున్నరాడ. నా ఇజ్జత్ పోతది."

"ఉన్నదా ఇంకా?" అని ఆమె పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.

హాలు దగ్గర భోజనాలు ఇంకా అయిపోలేదు. విశ్వనాథం గారు వచ్చి కాగితం గురించి చెప్పబోయారు. అత్త నిలబడి విన్నది. "అయ్యా, ఆ కాయిదం మీద నా పేరేమన్న ఉన్నదా సూడున్రి" అంది. ఆయన పద్ధతి గల మనిషి. నిజంగానే ఫోన్ తీసి, కళ్లజోడు పైకి జరిపి, మొదట్నుంచి చివరిదాకా చదివారు. లేదు. విజయభాస్కర్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఆపడానికి ఆయన దగ్గర కారణం లేదు, అంతే. వెనక పలక అప్పటికే తీసి ఉంది, నేను మంచం చెక్కతో సహా స్పీకర్ ఊడదీశాను. డబ్బాను బయటికి దొర్లించి హాలు ముందు పూలకుండీల పక్కన, లోపలి చిన్న డబ్బా లాగేసి ఇసుక ఒంపాను. కొత్త బట్టలేసుకున్న పిల్లలు వెంటనే ఆ కుప్పలో ఆడుకోవడం మొదలుపెట్టారు. అత్త ఖాళీ డబ్బాను చంకన పెట్టుకుని నడిచింది. ఆటో పిలుస్తానన్నా వద్దంది.

ఇంటికొచ్చాక నేను మంచి పని చేశాననే అనుకున్నాను. సాయంత్రం మామ మా మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఓనర్ కొడుకువి. ఇల్లు ఖాళీ జెయ్యమంటె జేస్త" అన్నాడు. "కని నాతోటి మాట్లాడకు. నేను దాచిపెట్టిన, నిజమే. నువ్వు నా ఇంట్ల కూసొని, నా ఇంటి తిండి తిని, నా పెండ్లాం ముంగట నన్ను బట్టలిప్పి నిలవెట్టినవ్. ఎవ్వలు జేసింది మోసం?"

నా దగ్గర జవాబుంది. అతను వినడానికి ఆగలేదు.

అత్త డబ్బాను కడిగి వంటింట్లో యథాస్థానంలో పెట్టుకుంది. బియ్యం మాత్రం పొయ్యలేదు. ఉప్పల్ తీసుకెళ్లి మళ్లీ పేరు కొట్టిస్తానన్నాను. "గీకినోడే కొట్టియ్యాలె" అంది. మామ కొట్టించలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, వండుతోంది, తింటున్నాడు. కుక్కర్లోంచి వార్తలు రావడం ఆగిపోయింది.

నెల తర్వాత హాల్లో మా నాన్న స్నేహితుడి కూతురి నిశ్చితార్థం. నేను వెళ్లేటప్పటికి సన్నాయి రికార్డు నడుస్తోంది. లోపలికి అడుగు పెడుతూనే ఆగిపోయాను. ఎడమ పెట్టె పాడుతోంది. ఖాళీ చేసి వచ్చిన పెట్టె. ఆ పక్క సన్నాయి, ఈ పక్క డోలు, రెండింటి మధ్యా గాలి కూడా ఉన్నట్టుంది. కంపెనీ బాక్సుకు ఈ సౌండు రాదు. లోపల మామ మళ్లీ ఏం పెట్టాడో, ఎవరిది తెచ్చాడో తెలియదు. వెనక పలక విప్పాలనిపించలేదు.

మామ చివరి వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లు మూసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్క కుర్చీలో పట్టు పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు అతని మోకాలు తట్టారు. "ఏమండీ, సౌండు భలే ఉంది కదూ. మీరు ఎవరి తరఫు? అబ్బాయి వైపా, అమ్మాయి వైపా?"

మామ కళ్లు తెరిచాడు. తెరవగానే ఎదురుగా నేను కనిపించాను. నన్ను చూస్తూనే ఆయనకు జవాబు చెప్పాడు.

"రెండు గాదు సార్. నేను విజయభాస్కర్ సార్ మనిషిని."